చెక్కను తాకి వచ్చే వెలుగు

సోఫా పక్కన నిలబెట్టే దీపం అనగానే మనకు ఇనుప గొట్టం, దాని నెత్తిన గుడ్డ గొడుగు గుర్తొస్తాయి. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ రెండూ వద్దనుకున్నాడు. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని తన టాలిసిన్ ఆవరణలో పాత వ్యాయామశాలను నాటకశాలగా మార్చినప్పుడు చెక్క పెట్టెలు ఒకదాని కింద ఒకటి వేలాడే దీపాలు గీశాడు. తర్వాత అదే పద్ధతిలో నేల మీద నిలిచే దీపమూ చేశాడు. ఇవాళ ఎక్కువమంది అనుకరిస్తున్నది దాన్నే.

ఆరడుగులు దాటిన సన్నటి కంబం. దానికి అటొకటి ఇటొకటి చదరపు పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక బల్బు. పెట్టె నోటికి ఎదురుగా, కాస్త ఎడంగా, పల్చటి చెక్క పలక. బల్బు వెలుగు ఆ పలకకు తగిలి గదిలోకి మళ్లుతుంది. చెక్క నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకుని పసుపు, ఎరుపులను వెనక్కి పంపుతుంది. అందుకే ఆ వెలుగు సాయంకాలపు నీరెండలా ఉంటుంది, కంటిని గుచ్చదు. రైట్ ప్రతిభంతా నాకు ఈ చిన్న పలకలోనే కనబడుతుంది.

ఆయన బాట మనకు దూరమేమీ కాదు. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ పనికి రైట్ వెంట వెళ్లిన ఆంటొనిన్ రేమండ్, తర్వాత పుదుచ్చేరి అరవిందాశ్రమానికి వసతిగృహం గీశాడు. దానికి నిజాం ప్రభుత్వపు డబ్బు ఇప్పించింది హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ. ఆ కృతజ్ఞతతోనే భవనానికి ‘గోల్కొండ’ అని పేరు పెట్టారు. అక్కడ గదుల తలుపులు టేకు బద్దలవి. గాలిని రానిస్తాయి, చూపును ఆపుతాయి.

నల్లమల అంచునున్న గిద్దలూరులో ఈ దీపం చేయించుకోవడం కష్టం కాదు. పాత ఇంటి టేకు దూలం దొరికితే మేలు. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కాబట్టి పల్చగా కోసినా అంత తేలిగ్గా వంకర పోదు. పలకను నున్నగా చిత్రిక పట్టాలి, వెలుగు పడే వైపు ముదురు రంగు వేయకూడదు. కంబం పొడవు కాబట్టి అడుగున బరువుండాలి. దానికి మార్కాపురం పలక రాయి ఉండనే ఉంది: నాలుగు బిళ్లలు ఒకదాని మీద ఒకటి అతికిస్తే చాలు. పాత తరం బల్బులైతే పెట్టె వేడెక్కేది. ఇప్పుడు పసుపు ఛాయ ఎల్‌ఈడీ, 3 నుంచి 5 వాట్లది, సరిపోతుంది. వైరు కోసం కంబం వెనక గాడి తీయించి, పైన సన్నటి చెక్క పట్టీని మేకులతో కాక స్క్రూలతో బిగించమనండి. రేపు వైరు పాడైతే కంబాన్ని పగలగొట్టాల్సిన పని ఉండదు.