తూకం కుదిరితేనే జలాంతర్గామి నమూనా
సఖినేటిపల్లి: జలాంతర్గామి నమూనాను సొంతంగా తయారు చేయదలచిన విద్యార్థులకు చక్కటి ఆధారం విశాఖపట్నంలోనే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఐఎన్‌ఎస్‌ కురుసుర, 2002 నుంచి రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా కొలువుదీరింది.

దీని పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. నూరో వంతుకు కుదిస్తే అవే అంకెలు సెంటీమీటర్లవుతాయి. అడ్డుకొలతలకు తగినట్లు చెక్క పలకలు కోసి, అడుగు దూలంపై వరుసగా నిలిపి, సన్నని బద్దలతో కప్పితే ఆకారం సిద్ధమవుతుంది. ముందు 6, వెనుక 4 టార్పెడో గొట్టాలు, చివర 3 పంకాలు అమర్చాలి.

అసలు చిక్కు బరువులో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరో వంతుకు తగ్గడంతో బరువు పది లక్షల వంతుకు పడిపోతుంది. తేలేటప్పుడు 1,950, మునిగినప్పుడు 2,475 టన్నులుండే కురుసుర, నమూనాలో 1.95, 2.475 కిలోలవుతుంది. తేడా అర లీటరు నీరే. దానిని తొట్టెల్లోకి తీసుకుంటే మునక, బయటకు నెడితే తేలిక. నరసాపురం రేవులో బరువెక్కిన పంటు నీటిలోకి దిగడం వెనుక సూత్రమూ ఇదే.

బరువును అడుగున ఉంచకుంటే నమూనా ఒరిగిపోతుంది. నీరు బయటకు రాకుంటే నెలల శ్రమ అడుగునే మిగులుతుంది. అందుకే తొలి పరీక్ష గోదావరిలో కాదు, ఇంటి గాబులో జరపడం మేలు.