రేపటి తపాలా

ఒకే వీధిలోని పది ఇండ్లకు పది పొట్లములు రావలెను. పది బండ్లు వేర్వేరుగా తెచ్చుట ఒక పద్ధతి. ఒక్క మనిషి ఒక్క సంచిలో తెచ్చుట మరియొకటి. రెండవదియే తపాలా. ఇంధనమును పొదుపుగా వాడుకొనవలసిన రేపటి సమాజమునకు ఈ పాత సూత్రమే దారి చూపగలదని మేము తలంచుచున్నాము.

సంచితో పాటు పోవు ఒక్కొక్క ఉత్తరమునకు దారిఖర్చు బహు స్వల్పమని బ్రిటనులో రోలండ్ హిల్ 1837లో లెక్కగట్టి చూపెను. అందువలననే 1840లో అచ్చట ఒక పెన్నీకి, 1854లో మన దేశమున అర్ధణాకు, తేలికపాటి ఉత్తరము ఎంత దూరమైనను పోగలిగినది.

నేడు ఉత్తరములు తగ్గి పొట్లములు పెరిగినవి. పట్టణమున ఒకే వాకిటికి నాలుగు సంస్థల బండ్లు వచ్చుచున్నవి. 1624లో మొదలైన డెన్మార్కు తపాలా సంస్థ 2025 చివర ఉత్తరముల బట్వాడానే మానివేసినది. మనమును అట్లే చేయవలెనా?

మన దేశమున 1,64,000కు పైగా తపాలా కార్యాలయములు గలవు. ఇంచుమించు పదింట తొమ్మిది గ్రామములలోనివే. దూరప్రయాణమును రైలుకు అప్పగించి, అన్ని సంస్థల పొట్లములను ఊరి తపాలా కార్యాలయమున ఒకచోట చేర్చి, అచ్చటినుండి సైకిలుపైనో విద్యుత్తు బండిపైనో పంచవచ్చును. తిరుగు సంచి ఖాళీగా పోనక్కరలేదు. మరమ్మతు కోరు గడియారము, మరల వాడదగిన పెట్టె అందులో పోవచ్చును.

ఇందుకు వెల లేకపోలేదు. నేడు కోరినది రేపే రాదు. రెండు మూడు దినములు ఓపిక పట్టవలెను. కాని పట్టణవాసి పట్టిన ఆ ఓపిక వలననే, లాభము చూచుకొను బండి ఏదియు పోని కొండగూడెమునకు మందుల పొట్లము అదే రుసుముతో చేరగలదు.