ఫిస్టులా చేయి గుర్రుమంటోందా? రోజూ పట్టి చూడండి

నేను రక్తనాళాల డాప్లర్ స్కాన్లు చేస్తుంటాను. ఇవాళ్టి ఎపిసోడ్ ఇంట్లో అమ్మకో నాన్నకో డయాలసిస్ జరుగుతున్న పిల్లల కోసం.

"సూదికి నరం దొరకలేదు" అంటాం చూడండి, ఆ నరమే సిర. డయాలసిస్ మిషన్‌కి నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం అందాలి. మామూలు సిర అంత ఇవ్వలేదు. అందుకే చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరకి కలిపి కుడతారు. అదే ఫిస్టులా. 1966లో అమెరికా డాక్టర్లు బ్రెషియా, సిమినో వాళ్ల బృందం ఈ పద్ధతిని ప్రచురించింది. ఇప్పటికీ చాలామందికి ఇదే మొదటి ఎంపిక.

మరి స్కాన్ ఎప్పుడు? మొదట ఆపరేషన్‌కి ముందు. సిర ఎంత వెడల్పుంది, ధమని బాగుందా అని చూస్తాం. షుగర్ ఉన్నవాళ్లకి ధమని గోడలో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. కాళ్ల ధమనులు పూడుకుపోయి, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేవాళ్లకీ ఈ స్కానే చేస్తాం.

తర్వాత దాదాపు 6 వారాలకి. సిర 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మం కింద 6 మిల్లీమీటర్ల లోపు లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం. ఈ ఆరుల లెక్క కుదిరితే ఫిస్టులా సిద్ధమైనట్టే.

ఇక తేడా వచ్చినప్పుడు. నీళ్ల పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి కదా? నాళం సన్నబడిన చోట రక్తం కూడా అంతే. ఆ వేగాన్ని డాప్లర్ పట్టేస్తుంది. అన్నట్టు, స్క్రీన్ మీద ఎరుపు అంటే మంచి రక్తం, నీలం అంటే చెడు రక్తం కాదండీ. అవి రక్తం ప్రోబ్ వైపు వస్తోందా, దూరంగా వెళ్తోందా అని చెప్పే రంగులు.

సన్నబడినప్పుడే దొరికితే చాలాసార్లు బెలూన్‌తో వెడల్పు చేస్తారు. గడ్డకట్టి మూసుకుపోతే ఫిస్టులానే పోవచ్చు. అప్పుడు మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది, దాంతో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ.

కాబట్టి రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద వేళ్లు పెట్టండి. పిల్లి గుర్రుమన్నట్టు సన్నటి వైబ్రేషన్ తెలియాలి. అది తగ్గినా, దాని బదులు గట్టిగా కొట్టుకుంటున్నా, వేళ్లు చల్లబడి నొప్పెడుతున్నా వెంటనే డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేయండి. వైబ్రేషన్ పూర్తిగా ఆగితే మాత్రం అప్పుడే బయల్దేరండి, తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.

రోజుకి పది సెకన్ల పని. ఇవాళే మొదలుపెట్టండి. ఉంటానండీ.