"క్యాప్టివ్ బ్రెడ్" అంటే సరిపోతుందా? ఒక దీవి, రెండు ఇగ్వానా కథలు

భుజం మీద పచ్చ ఇగ్వానా కూర్చున్న రీల్ పంపించి, "అన్నా, క్యాప్టివ్ బ్రెడ్ అంట, కొనొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. క్యాప్టివ్ బ్రెడ్ అంటే అడవిలో పట్టింది కాదు, మనుషుల దగ్గరే గుడ్డులోంచి బయటికొచ్చింది అని. వినగానే ధైర్యం వచ్చేస్తుంది కదా. కానీ ఆ మాట వెనక రెండు వేర్వేరు కథలు ఉండొచ్చు. ఆ రెండూ దక్షిణ అమెరికాలో ఒకే దీవి దగ్గర కనిపిస్తాయి.

ఈక్వడార్ తీరానికి దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రంలో గలపాగోస్ దీవులున్నాయి. అక్కడి ల్యాండ్ ఇగ్వానా సహజంగా ఇంకెక్కడా ఉండదు. మీటరు దాటే పొడవు, పసుపు ఒళ్ళు. చూడ్డానికి మన ఉడుములా మొరటుగా ఉంటుంది గానీ వేటాడదు. ఎక్కువగా నాగజెముడు మట్టలు, కాయలు తిని బతుకుతుంది.

ఆ దీవుల్లో ఒకటి బాల్ట్రా. 1932-33లో హాన్‌కాక్ అనే అమెరికన్ తన యాత్రల్లో బాల్ట్రా నుంచి 70 దాకా ఇగ్వానాలని పక్కనే ఉన్న నార్త్ సేమూర్ దీవికి మార్చాడు. అక్కడ అప్పటిదాకా ఒక్కటీ లేదు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో బాల్ట్రా మీద అమెరికా సైనిక స్థావరం వచ్చింది. 1950ల మధ్యకి ఆ దీవిలో ఇగ్వానా అన్నదే లేకుండా పోయింది. అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో, ఒరిజినల్ డిలీట్ అయిపోయింది, నార్త్ సేమూర్‌లో బ్యాకప్ మిగిలింది.

బ్యాకప్ ఉంటే సరిపోదు, రీస్టోర్ చెయ్యాలి. 1980లో నార్త్ సేమూర్ నుంచి కొన్నిటిని శాంతాక్రూజ్ దీవిలోని చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రానికి తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. ఆడది గొయ్యి తవ్వి గుడ్లు పెడుతుంది కాబట్టి దానికి తగిన మట్టి కావాలి. గుడ్లు పొదగడానికి మూడు నెలలు దాటుతుంది. బయటికొచ్చిన పిల్లని వెంటనే వదిలేస్తే పిల్లులు తినేస్తాయి. అందుకే తట్టుకునే సైజు వచ్చేదాకా కొన్నేళ్ళు పెంచాలి. 1991లో మొదటి బ్యాచ్ బాల్ట్రాకి వెళ్ళింది. అవి అక్కడ సొంతంగా పిల్లల్ని పెట్టడం మొదలయ్యాక, 2008లో ఆ పెంపకం ఆపేశారు. పని అయిపోయింది, అంతే! నార్త్ సేమూర్‌లో సంఖ్య ఎంత పెరిగిందంటే, 2019లో అక్కణ్ణుంచి 1,400కి పైగా ఇగ్వానాలని శాంటియాగో దీవికి పంపించారు.

ఇప్పుడు రెండో కథ. 2012లో అదే బాల్ట్రాలోని విమానాశ్రయంలో ఒక టూరిస్ట్ సూట్‌కేసులో నాలుగు ల్యాండ్ ఇగ్వానాలు దొరికాయి. అతనికి నాలుగేళ్ళ జైలు శిక్ష పడింది. కానీ అలాంటి సూట్‌కేస్ ఒకటి దొరక్కుండా దాటిపోయిందనుకోండి. ఆ జత ఎక్కడో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు కూడా నిజంగానే "క్యాప్టివ్ బ్రెడ్". అబద్ధం లేదు, కానీ మూలం దొంగతనం. అమ్మకం కోసం గలపాగోస్ ఇగ్వానాలని ఎగుమతి చెయ్యడానికి ఈక్వడార్ ఎప్పుడూ అనుమతి ఇవ్వలేదు. మరి మార్కెట్‌లో ఉన్నవాటి అమ్మానాన్నలు ఎలా బయటికొచ్చినట్టు?

అందుకే, పిల్ల ఎక్కడ పుట్టిందని కాదు, దాని తల్లిదండ్రులు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడగండి.

ఇక మీ రీల్‌లోని పచ్చ ఇగ్వానా సంగతి. అది గలపాగోస్‌ది కాదు, అంత అరుదైందీ కాదు. కానీ అది కూడా అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న సైటిస్ జాబితాలో ఉంది. మన దేశంలో 2022 వన్యప్రాణి చట్ట సవరణ, 2024 రూల్స్ ప్రకారం అలాంటి జంతువు మీ దగ్గరుంటే పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చెయ్యాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా చెప్పాలి. "పేపర్లు తర్వాత చూసుకుందాం బ్రో" అనే అమ్మకందారుకి అక్కడే నమస్కారం పెట్టెయ్యండి.

పేపర్లు ఉన్నా ఇంకో లెక్క ఉంది. అరచేతిలో పట్టే ఆ పిల్ల పెద్దయితే అయిదడుగులు దాటొచ్చు. యూవీబీ వెలుతురు అందకపోతే ఒంటికి కాల్షియం పట్టదు, ఎముకలు వంగిపోతాయి. రీల్ ముప్పై సెకన్లే, అది మాత్రం పదేళ్ళకి పైగా బతకాల్సిన ప్రాణి. ఇవన్నీ చూసుకున్నాకే కొనాలా వద్దా అని ఆలోచించండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.