డ్రోను నెగురవేయ నేర్చుట

పెండ్లిపందిళ్లమీదుగా తుమ్మెదవలె రొదచేయుచు నొక చిన్న యంత్రము తిరుగుటయు, వధూవరులను విడిచి జనులందఱును తలలెత్తి దానినే చూచుటయు నేటి దినములలో వింతగాదు. డ్రోనని దానికి పేరు. కెమేరాగల యీ యంత్రమును మన యిండ్లలోని పిల్లలే కొని తెచ్చుటయు మొదలైనది. పిల్లల చేతిలోని వస్తువు సంగతి తల్లులకు తెలియకుండుట మంచిదికాదని తలచి మేమే దానిని నేర్వబూనితిమి. నేర్చినంతవఱకు సోదరీమణులకు విన్నవింతుము.

గత ధనుర్మాసమున మేము కోనసీమలోని మా యక్కగారి యూరికి పోయియుంటిమి. ఇంజనీరింగు చదువుచున్న ఆమె కుమారుడు తన చిన్న డ్రోనును సెలవులకు వెంట తెచ్చియుండెను. అది తూకమున పావుకిలోకు లోపలిది; మడిచినచో అరచేతిలో నిముడును. వాకిట నిలిచి, వాడు చూపినట్లు రిమోటుపైనున్న రెండు స్టిక్కులను కదపితిమి. యంత్రము లేచినది, వీధిదాక పోయినది, చక్కగా మలుపు తిరిగినది. ఇంత సులభమా యని మాకు గర్వము కలిగినది. అది మావైపు వచ్చుచుండగా, ఎడమప్రక్క అరుగుమీద మా యక్కగారి మనుమరాలు, రెండేండ్లది, కూర్చుండియుండుట చూచితిమి. బిడ్డకు దూరముగా పోవలెనని స్టిక్కును కుడివైపునకు నొక్కితిమి. యంత్రము అరుగువైపునకే వచ్చినది! కంగారుపడి మఱింత కుడికి నొక్కితిమి. మఱింత వేగముగా నటే పోయినది.

“పిన్నీ, చేతులు తియ్యి! రెండు చేతులూ తియ్యి!” అని పిల్లవాడు కేకవేసెను.

తీసితిమి. బిడ్డ తలకు రెండు మూరల యెత్తున నది గాలిలో నట్లే నిలిచిపోయినది. బిడ్డ నవ్వుచు దానికై చేయి చాచినది. మా యక్కగారు పరుగున వచ్చి బిడ్డను లోనికి తీసికొనిపోయిరి; సాయంకాలమువఱకు మాతో మాటాడరైరి. ఆమె కోపము న్యాయమైనదే.

జరిగిన దానికి కారణము చిన్నది. యంత్రము మనకు వెన్నుచూపి పోవునపుడు దాని కుడి మనకును కుడియే. అది మనవైపు మొగము త్రిప్పినంతనే దాని కుడి మన కెడమ యగును. ఎదుట నిలిచిన బిడ్డను కుడిచేయి యెత్తుమన్నచో మన యెడమప్రక్క చేయియే కదా యెత్తును! ఈ సంగతి యెఱుగనివారుండరు. ఐనను కంగారులో చేతికి జ్ఞాపకముండదు. చేతికి నేర్పుటకు కొన్నిదినముల యభ్యాసము వలయును.

చేతులు తీసినంతనే యంత్రమెట్లు నిలిచెను? స్టిక్కులు విడిచినంతనే తమంత తాము నడిమికి వచ్చును. అప్పుడు డ్రోను ఆకాశమునందలి ఉపగ్రహముల సంకేతములవలన తానెచ్చటనున్నదియు తెలిసికొని, అడుగున నున్న చిన్న కెమేరాతో నేలను చూచుచు, ఉన్నచోటనే నిలుచును. భయము కలిగినపుడు చేతులు తీయుట క్రొత్తవారు మొట్టమొదట నేర్వవలసిన విద్య. కాని యీ వరమునకు షరతులున్నవి. ఎగురవేయుటకు ముందు ఉపగ్రహ సంకేతములు కుదిరినవని ఫోనుతెరమీద చూపువఱకు రెండు నిమిషములు ఓపికతో నాగవలెను. ఆ సమయముననే యంత్రము తాను బయలుదేరిన తావును గుర్తుపెట్టుకొనును. తొందరపడి ముందే లేపినచోను, ఇంటికప్పు క్రిందను, దట్టమైన చెట్లనీడను ఆ సంకేతములందవు. చీకటిలోను, చెఱువునీటి పైనను అడుగు కెమేరా భ్రమపడును. అట్టిచోట్ల చేతులు తీసినను యంత్రము నిలువక గాలికి కొట్టుకొనిపోవును. మాకానాడు సంకేతములు కుదిరియుండెను. అదియు మా తెలివి కాదు, పిల్లవాని జాగ్రత్త.

మఱునాటినుండి కోసిన వరిచేలలో పాఠములు మొదలిడితిమి. మంచు విడిపోయిన పిదప, గాలి లేవకమున్నే అరగంటసేపు. ఎడమస్టిక్కు పైకి క్రిందికి, కుడియెడమలకు మొగము త్రిప్పుటకు. కుడిస్టిక్కు ముందువెనుకలకు, ప్రక్కలకు. తొలిదినమున రెండు నిలువుల యెత్తుకు లేపి నిలుపుటయు, దించుటయు తప్ప మఱేమియు చేయలేదు. విసుగు పుట్టిన మాట నిజమే. రెండవదినము వెన్ను మావైపుంచి చతురస్రముగా నడపితిమి. తరువాత ప్రక్కకు త్రిప్పియుంచి నడపితిమి. మొగము మావైపుంచి నడపుట కైదుదినములు పట్టినది. అందులో నాలుగుసార్లు చేతులు తీయవలసివచ్చినది. ఫోటోల జోలికి పోనేలేదు. కెమేరా చూపు బొమ్మనే చూచుచు నడపువారు యంత్రమును మఱచిపోవుదురు. బొమ్మలో వెనుకనున్న కొమ్మ కనబడదు. సన్నని విద్యుత్తుతీగ కెమేరాకుగాని, అడ్డములను కనిపెట్టు యంత్రపు కన్నులకుగాని తెలియకపోవచ్చును. యంత్రము ఎల్లప్పుడును మన కంటికే కనబడుచుండవలెను.

రెక్కల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. నాలుగు రెక్కలలో రెండొకవైపునకును, రెండు వేఱొకవైపునకును తిరుగును. నిమిషమునకు కొన్నివేల చుట్లు. స్పెయినుదేశపు గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ 2015 మే నెలలో మెక్సికోలోని తిహువానా నగరమున కచేరిచేయుచు, పైన తిరుగుచున్న డ్రోనును చేతితో పట్టబోయి వ్రేళ్లు గాయపఱచుకొని శస్త్రచికిత్స చేయించుకొనవలసివచ్చెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో, ఇంటిముందు కుటుంబమిత్రుడొకడు నడపుచున్న డ్రోను చెట్టుకొమ్మకు తగిలి అదుపుతప్పి రెండేండ్లు నిండని బిడ్డ మొగమునకు తగులగా, ఆ బిడ్డ కొక కన్ను పోయినది. ఈ రెండవ సంగతి మేము ముందే యెఱిగియుండినచో అక్కగారి వాకిట నా పని చేయకుందుము. ఎగురవేయువేళ పిల్లలను తలుపులోపల నుంచవలెను. యంత్రమును చేతితో పట్టరాదు. క్రిందపడినపుడు మోటార్లు ఆగినవని చూచుకొనక దగ్గఱకు పోరాదు.

బ్యాటరీ విషయమున గృహిణులకు నేర్పనక్కఱలేదనుకొందుము. పొయ్యిమీద పాలు పెట్టి పొరుగింటికి పోనివారమే కదా. ఛార్జికి పెట్టి నిద్రపోరాదు, ఉబ్బినదానిని వాడరాదు, ఎండలో నిలిపిన కారులో విడువరాదు. పెట్టెమీద ముప్పది నిమిషములని వ్రాసియున్నను గాలిలో నంత రాదు. పోవునపుడు గాలివాలున హాయిగా పోయిన యంత్రము వచ్చునపుడు ఎదురుగాలికి రెట్టింపు శ్రమపడును. కావున ముందు గాలికెదురుగా పోయి, వాలున తిరిగివచ్చుట మేలు. నూటికి ముప్పదిపాళ్లు మిగిలియుండగానే దించవలెను. దించునపుడు నిట్టనిలువుగా వేగముగా దింపరాదు. తన రెక్కలు త్రోసిన గాలిసుడిలో తానే చిక్కుకొని తూలును. నెమ్మదిగా, కొంచెము ప్రక్కకు నడపుచు దింపవలెను.

ఇంటికి రమ్మని పిలుచు మీట యొకటి రిమోటుపై నుండును. అది నొక్కినచో యంత్రము తాను బయలుదేరిన తావునకు తిరిగివచ్చును. కాని సాధారణముగా ముందుగా మనము నిర్ణయించిన యెత్తునకు లేచి, పిదప తిన్నగా వచ్చును. ఆ యెత్తు చుట్టునున్న కొబ్బరిచెట్లకు మించియుండవలెను. చెట్టుక్రింద నున్నపుడు ఆ మీట నొక్కినచో కొమ్మలలో దూరును.

శాసనముల మాట క్లుప్తముగా. 2021 ఆగస్టులో వెలువడిన భారతదేశపు డ్రోను నియమముల ప్రకారము 250 గ్రాములు మించనిది నానో, 2 కిలోలవఱకు మైక్రో. నానోను నడపుటకును, మైక్రోను వ్యాపారమునకుగాక సరదాకు నడపుటకును పైలట్ సర్టిఫికెట్టు అక్కఱలేదు. డ్రోనుకు మాత్రము రిజిస్ట్రేషను సంఖ్య తీసికొనవలెను. డిజిటల్ స్కై అను ప్రభుత్వపు పటములో పచ్చ, పసుపు, ఎఱుపు మండలములు చూపబడియున్నవి. పచ్చనిచోట 400 అడుగులవఱకు పోవచ్చును. విమానాశ్రయమునకు 8 కిలోమీటర్లలోపు అనుమతి లేక లేపరాదు. 8 మొదలు 12 కిలోమీటర్లవఱకు 200 అడుగులే హద్దు. ఎఱుపుచోట కేంద్రప్రభుత్వ మనుమతింపవలెను. తిరుమలకొండపై మన సరదాకు ఎగురవేయుట నిషిద్ధము. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోనుల దిగుమతిని ప్రభుత్వము నిషేధించినది; కావున అమెరికానుండి వచ్చు మేనల్లుడు పెట్టెలో పెట్టుకొని తెచ్చెదనన్నచో వలదనుడు. అక్కడనున్న మనవారును సరదాకు నడపుటకైనను ముందొక చిన్న పరీక్ష నిచ్చి పత్రము పొందవలెను.

ఏ పుస్తకమునను లేకున్నను మేము శాసనముగా పెట్టుకొన్న నియమమొకటి గలదు. పరుల మేడలమీదుగా పోము. మేడమీద తలయారబెట్టుకొను స్త్రీకిని, వడియములు పెట్టుకొను ముసలమ్మకును పైనుండి కన్నొకటి చూచుట యేమి మర్యాద? నేర్చినవారు ముందు నేర్వవలసినది ఆ కంటిని మఱలించుట.

ఇది మగవారి యాటయని మా యక్కగారి యింట నొక పెద్దమనిషి సెలవిచ్చిరి. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వ మంగీకరించిన నమో డ్రోను దీదీ పథకము 15,000 మహిళాసంఘములకు పొలములలో మందు చల్లు డ్రోనుల నిచ్చుట కుద్దేశింపబడినది. ఒక్కొక్క సంఘమునుండి ఎన్నుకొనిన స్త్రీకి 15 దినముల శిక్షణము. మా చేతిలోని పావుకిలో బొమ్మకును వారి బరువైన యంత్రములకును పోలికయే లేదు. ఆ మాట చెప్పగా పెద్దమనిషి కాఫీ మీద దృష్టి నిలిపిరి.

సంక్రాంతినాడు గాలిపటముల దారములు, వానితోపాటు గద్దలు, ఆకాశమున నిండకమునుపే లేచితిమి. మంచు విడిపోగానే, పిల్లలు లోపలనున్నారని రెండుసార్లు లెక్కించుకొని, యంత్రమును వాకిటికి నేరుగా పైకి లేపి, మొగము మావైపు త్రిప్పి నిలిపితిమి. మా యక్కగారు తెల్లవారుజామున లేచి పెట్టిన రథముముగ్గు సాంతముగా ఫోటోలో పడినది. బ్యాటరీ సగమునకుపైగా మిగిలియున్నను, “ఇంక దించు పిన్నీ” అని పిల్లవాడనకమునుపే దించితిమి. ఫోటో నక్కగారికి చూపగా చాలసేపు చూచి, ఒక మూలను వ్రేలితో చూపిరి. కొంచెము తెఱచిన తలుపుసందునుండి చిన్నచేయి యొకటి బయటికి చాచియున్నది.