బీభత్సంలో హాస్యం: ఆ నవ్వు ఎవరి మీద?

రక్తం ఏరులై పారుతుంటే ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వు ఆరోగ్యకరమా, అనారోగ్యకరమా? భయానక హాస్య చిత్రాలను మన విమర్శకులు చాలాకాలం పట్టించుకోలేదు. చౌకబారు సరుకని పక్కకు నెట్టేశారు. కాని ఈ సరుకు ఇవాళ సినిమాహాలు దాటి ఇంటి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. కాలేజీ విద్యార్థులు చూస్తున్నారు. కొత్త కథకులు దీని ప్రభావంతో రాస్తున్నారు. కనుక దీన్ని అర్థం చేసుకోకుండా ఖండించడం గాని, మెచ్చుకోవడం గాని విమర్శ అనిపించుకోదు.

ముందుగా మన అలంకార శాస్త్రం ఏమంటుందో చూద్దాం. శృంగారం నుంచి హాస్యం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని నాట్యశాస్త్రంలో భరతుడు అన్నాడు. అంటే జుగుప్సకూ భయానికీ దగ్గరి చుట్టరికం ఉంది. నవ్వు సంగతి వేరు. హాస్యానికి భయానకం, కరుణం విరోధులని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు తేల్చాడు. భయపడేవాడు నవ్వలేడు, నవ్వేవాడు భయపడలేడు అన్నది ఆయన అభిప్రాయం. అంతకు ముందే అభినవగుప్తుడు మరో దారి చూపించాడు. ఔచిత్యం తప్పితే ఏ రసమైనా ఆభాసమై హాస్యానికి దారి తీస్తుందన్నాడు. భయానక హాస్యానికి తాళంచెవి ఈ మాటలోనే ఉంది. అయితే మనం ఇంకొక ప్రశ్న కూడా వెయ్యాలి. తప్పింది ఎవరి ఔచిత్యం? ఔచిత్యం ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక కాలంలో, ఒక సమాజంలో, ఒక వర్గం నిలబెట్టిన మర్యాదే ఔచిత్యంగా చలామణీ అవుతుంది.

దీనికి మంచి ఉదాహరణ న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ 1992లో తీసిన ‘బ్రెయిన్‌డెడ్’. అమెరికాలో ఇది ‘డెడ్ అలైవ్’ పేరుతో విడుదలయింది. తర్వాత ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాలతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన జాక్సన్ ఈయనే. ఇందులోని శవాలు రబ్బరుతో, బొమ్మలతో, చేతి పనితనంతో తయారయినవి. చివరి ఘట్టానికే సుమారు 300 లీటర్ల కృత్రిమ రక్తం వాడారని ప్రసిద్ధి.

కథ 1957లో వెల్లింగ్టన్ నగరంలో జరుగుతుంది. లయొనెల్ అనే యువకుడు తల్లి చాటు బిడ్డ. పెద్ద ఇల్లు, పెద్ద పేరు, ఊపిరాడనివ్వని తల్లి. అతను పకీటా అనే దుకాణదారు కూతుర్ని ప్రేమిస్తాడు. ఆమె స్పానిష్ మాట్లాడే వలస కుటుంబపు పిల్ల. ఆ ప్రేమ తల్లికి కిట్టదు. కొడుకు వెనకే జంతు ప్రదర్శనశాలకు వెళ్ళి నిఘా వేస్తుంది. అక్కడ సుమత్రా ప్రాంతపు దీవి నుంచి పట్టి తెచ్చిన ఒక వికృత జంతువు ఆమెను కరుస్తుంది. ఆమె జబ్బు పడుతుంది, చనిపోతుంది, శవంగా మళ్ళీ లేస్తుంది. ఆమె వల్ల మరికొందరు అలాగే తయారవుతారు. కొడుకు వాళ్ళందర్నీ నేలమాళిగలో దాచి, మత్తుమందు ఇంజక్షన్లిచ్చి, వేళకు తిండి పెడుతూ, ఇంటి పరువు కాపాడుతూ ఉంటాడు.

తల్లి బతికుండగానే జరిగే ఒక విందు ఘట్టం ఈ చిత్రానికి ప్రాణం. ఊరి పెద్దింటి స్త్రీల సంక్షేమ సంఘం నుంచి అతిథులు వస్తారు. తల్లి ఒళ్ళు కుళ్ళిపోతూ ఉంటుంది. ఊడిపోతున్న చర్మాన్ని కొడుకు జిగురుతో అంటిస్తాడు. ఆమె బల్ల ముందు కూర్చోవలసిందే, ఎందుకంటే పిలిచినవాళ్ళు గొప్పవాళ్ళు. భోజనం మధ్యలో ఆమె చెవి తెగి కస్టర్డ్‌లో పడుతుంది. ఆమె దాన్ని చెంచాతో తీసుకుని తింటుంది. ఈ ఘట్టంలో నవ్వు తెగిన చెవి వల్ల రాదు. శరీరం కుళ్ళినా సరే, బల్ల మర్యాద చెడకూడదనే ఆ పట్టుదల వల్ల వస్తుంది. జుగుప్స ఇక్కడ సాధనం మాత్రమే. లక్ష్యం ఆ వర్గపు డాంబికం. కొడుకు కన్నతల్లికి చేస్తున్న సేవలో కరుణ కూడా ఉంది. విశ్వనాథుడు విరోధులన్న రసాలు మూడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి.

పోను పోను హింసకు మూలం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. మేనమామ ఆ ఇంటి మీద కన్నువేసి, రహస్యం బయటపెడతానని కొడుకును బెదిరిస్తాడు. తండ్రి తనను కాపాడబోయి నీళ్ళలో మునిగిపోయాడని కొడుకు నమ్ముతూ వచ్చాడు. నిజానికి తండ్రిని చంపింది తల్లే. శవాలు లేవకముందే ఆ ఇంట్లో శవం ఉందన్నమాట. కనుక చివర పచ్చిక కోసే యంత్రం ఎత్తి పట్టుకుని కొడుకు శవాల గుంపులోకి నడిచినప్పుడు మనం నవ్వగలుగుతాం. పచ్చిక సమంగా కత్తిరించి ఇంటి ముందు మర్యాద నిలబెట్టే పనిముట్టే ఆ మర్యాదను ముక్కలు చేసింది.

ఇంతమాత్రాన ఈ చిత్రం నిర్దోషి కాదు. ఆ జంతువును దీవి నుంచి ఎత్తుకొచ్చింది వలస ప్రభువుల సంస్కృతికి వారసుడైన అధికారి. అది దోపిడీ అని కథలోనే ఉంది. కాని దీవివాసులను మాత్రం దర్శకుడు పాత సినిమాల ‘అనాగరికుల’ అచ్చులోనే పోశాడు. డాంబికం మీద నవ్విన కన్ను ఆ అచ్చు మీద నవ్వలేకపోయింది. చివరి విందులో చచ్చేవాళ్ళలో చాలామందికి ముఖమూ లేదు, కథా లేదు. వాళ్ళు కోతకు వచ్చిన పచ్చిక మాత్రమే.

ఇక ఇంట్లో చూడడం సంగతి. వీడియో టేపులు ఇళ్ళలోకి వచ్చిన కొత్తలో బ్రిటన్‌లో పెద్ద కలవరం రేగింది. 1981 నాటి శామ్ రెయిమీ చిత్రం ‘ఈవిల్ డెడ్’ వంటివి ప్రాసిక్యూషన్ జాబితాకెక్కాయి. 1984లో వచ్చిన వీడియో రికార్డింగుల చట్టం, ఇంట్లో చూసే అవకాశాన్ని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకుని చిత్రాలకు సర్టిఫికెట్లివ్వాలని చెప్పింది. పిల్లల కంట పడతాయన్నది ఆ భయం. అది కొట్టిపారెయ్యదగినది కాదు. కాని ఇల్లు చేసే పని ఇంకొకటి ఉంది. దాన్ని ఏ చట్టమూ పట్టుకోలేదు.

మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ చిత్రం మొదటి నుంచి చివరిదాకా కలిసి చూశాం. నవ్వాం. రెండు రోజుల తర్వాత అతని స్నేహితులొచ్చారు. వాళ్ళ కోసం రిమోట్ నొక్కి తిన్నగా పచ్చిక యంత్రం దగ్గరికి తీసుకుపోయాడు. ఎవరూ నవ్వలేదు. ఒకడు మొహం తిప్పుకున్నాడు, ఇంకొకడు రక్తం ఎలా తయారుచేశారని అడిగాడు. దృశ్యం అదే, రక్తం అదే. పోయిందల్లా విందు బల్ల, తల్లి, ఆ ఇల్లు. హాస్యం రక్తంలో లేదనీ, రక్తానికి ముందు నిర్మించిన సంబంధాల్లో ఉందనీ ఆ సాయంత్రం నాకు రుజువయింది. కథ తెగిపోయాక మిగిలేది జుగుప్స, లేదా యంత్రకౌశలం మీద కుతూహలం.

భయపడవలసింది ఇక్కడే. ఇవాళ అందరి చేతిలోనూ ఉన్న ఫోనులో మనిషిని గుంపు కొట్టి చంపిన నిజమైన దృశ్యం, సినిమాలోని ఉత్తుత్తి రక్తం ఒకే కొలత ముక్కలుగా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. రెండింటికీ వెనకా ముందూ ఉండదు. చచ్చిందెవరు, చంపిందెవరు, ఎందుకు అన్న ప్రశ్నలు తెగిపోతాయి. సినిమా మనల్ని రాక్షసుల్ని చేస్తుందనే వాదం నాది కాదు. కారణాల నుంచి విడగొట్టిన హింసను చూసే అలవాటు మాత్రం ప్రశ్నించే శక్తిని మొద్దుబారుస్తుంది.

మన భాషలోనూ ఈ ప్రక్రియ అడుగుపెట్టింది. 2021లో ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ శవాలను తెచ్చి రాయలసీమ ముఠా కక్షల మధ్య నిలబెట్టింది. సీమ కక్షల్లో నిజంగా ప్రాణాలు పోయాయి, కుటుంబాలు కూలాయి. కనుక అక్కడ నవ్వించబూనినవాడి బాధ్యత ఇంకా పెద్దది. కక్షను పోషించే పెత్తనం మీద నవ్వితే అది విమర్శ. ప్రాంతాన్నే కత్తుల నేలగా చూసి నవ్వితే, జాక్సన్ దీవివాసుల విషయంలో చేసిన పొరపాటే మళ్ళీ చేసినట్టు.

రచయితలకు దీనిలో ఒక పాఠం ఉంది. బీభత్సాన్ని వస్తువుగా తీసుకోవడం తప్పు కాదు. అయితే రక్తం చిందించే ముందు ఆ ఇల్లు కట్టాలి, ఆ బల్ల వెయ్యాలి, దాని చుట్టూ ఎవరు కూర్చున్నారో, ఎవరికి చోటు లేదో చూపించాలి. అప్పుడు తెగిన చెవి కూడా మాట్లాడుతుంది. అది చెయ్యకుండా చిందించిన 300 లీటర్లూ తుడుచుకోవలసిన నేలనే మిగులుస్తాయి.