బొమ్మ తీయడమే కాదు, దాచడమూ తెలియాలి



గోదావరి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి వస్తాయని మీకు వేరే చెప్పనక్కరలేదు. 1979, 1991, 2003, 2015 – ఈ నాలుగు పుష్కరాల నాటి ఫొటోలూ, వీడియోలూ మీ ఇంట్లో ఏమున్నాయో ఒక్కసారి బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చాలా ఇళ్ళల్లో ఒక తమాషా సంగతి బయటపడుతుంది. 1979 నాటి నలుపు తెలుపు ఫొటో అంచులు కాస్త పసుపు తిరిగినా, మనుషుల మొహాలు మాత్రం నిన్న తీసినట్టే ఉంటాయి. 1991 నాటి రంగుల ఫొటో ఎర్రబారిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ముచ్చటపడి తీయించుకున్న పెళ్ళి క్యాసెట్టుకి తెల్లటి బూజు పట్టి ఉంటుంది. 2003 నాటి సీడీ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోతుంది. ఇక 2015 నాటివంటారా? "పాత ఫోన్లో ఉండాలండీ" అంటారు. ఆ పాత ఫోను ఎక్కడుందో ఎవరికీ తెలియదు!

అంటే తీసే సాధనాలు పెరిగినకొద్దీ బొమ్మల ఆయుష్షు తగ్గుతూ వచ్చిందన్నమాట. దీనికి కారణం లేకపోలేదు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మని నిలిపేది సన్నటి వెండి రేణువులు. వెండి తొందరగా వెలిసిపోదు. రంగుల ఫొటోలో ఉండేవి రంగు మందులు. అవి వెలుతురుకీ, వేడికీ వెలిసిపోతాయి. వీడియో క్యాసెట్టులో ప్లాస్టిక్ రిబ్బను మీద అయస్కాంతపు పొడిని జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. మన డెల్టా ప్రాంతంలో చెమ్మకి కొదవా! చుట్టూ కాలవలు, చేలు, పైన సముద్రపు గాలి. ఉప్పు పొట్లమే నీరు కారిపోయే చోట క్యాసెట్టు మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

అందుకని ఈవేళ నేను చెప్పదలుచుకున్నది ఒకటే మాట. ఫొటో తీయడం ఇప్పుడు ప్రతి చేతికీ వచ్చింది. ఏరడం, కూర్చడం, దాచడం – ఈ మూడూ చేస్తేనే అది ఇంటికి మిగులుతుంది. బియ్యం ఏరడం, దండ కూర్చడం, ఆవకాయ జాడీకెత్తి ఏడాది పొడుగునా చెడకుండా దాచడం తెలిసిన మనకి ఇవేమీ కొత్త విద్యలు కావు.

ఇంట్లోనే సినిమా తీయడం కూడా మన జిల్లాకి కొత్త కాదు సుమా! 1920లలోనే, సినిమాకి ఇంకా మాటలు రాని రోజుల్లో, చిత్తజల్లు పుల్లయ్య గారు కాకినాడలో తన ఇంటి ఆవరణలోనే మార్కండేయుడి కథని చిన్న మూకీ చిత్రంగా తీశారు. అందులో యముడి వేషం కూడా ఆయనే కట్టారు. ఆ పుల్లయ్య గారే తరవాత 1934లో తెలుగు 'లవకుశ' తీసి పేరు తెచ్చుకున్నారు. ఆనాడు ఆయన రీళ్ళ మీద చేసిన పనికి ఇప్పుడు మన జేబులో ఫోను చాలు. మరి ఆ ఫోనుతో ఏం చేయాలో, ఎలా చేయాలో వరసగా చూద్దాం.

మొట్టమొదట చేయవలసింది, ఫోను వెనక ఉన్న గాజుకన్ను తుడవడం. వంటింట్లో తిరిగే ఫోనుకి నూనె చేతి మరకలు అంటక మానవు. ఆ మరక వల్లే దీపాల చుట్టూ మసకగా వెలుగు అలుముకుంటుంది. మెత్తటి నూలుగుడ్డతో తుడిచి తీయండి, సగం రోగం కుదురుతుంది.

తరవాతది వెలుతురు. మన పాత మండువా లోగిళ్ళు ఫొటోలకి పెట్టింది పేరు అనుకోండి. నడిమధ్య ఆకాశం నుంచి మెత్తటి వెలుతురు దిగుతుంది. మనిషిని మండువా అంచున, నీడపట్టున కూర్చోబెడితే మొహంలో ప్రతి గీతా కనిపిస్తుంది, కళ్ళు చికిలించవలసిన పని ఉండదు. అపార్టుమెంటులో ఉన్నవారికి కిటికీయే మండువా. మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి, వీపు మాత్రం కిటికీ వైపు ఉండకూడదు. కోనసీమ వెళ్ళినప్పుడు అందరూ కొబ్బరిచెట్ల కింద నిలబడి తీయించుకుంటారు. మిట్టమధ్యాహ్నం కొబ్బరాకుల నీడ మొహాల మీద చారలు చారలుగా పడి, అందరూ పులివేషాలు కట్టినట్టుంటారు. పొద్దున్న తొమ్మిదింటిలోపు గాని, సాయంత్రం నాలుగు దాటాక గాని తీయండి. లేదా పూర్తిగా నీడ ఉన్న అరుగు మీదకి రండి. బాపు గారి 'ముత్యాల ముగ్గు'కి ఛాయాగ్రహణం చేసిన ఇషాన్ ఆర్య గారికి 1975వ సంవత్సరపు జాతీయ బహుమతి వచ్చింది. ఆ సినిమా మళ్ళీ ఎప్పుడైనా వేస్తే, కథ ఎలాగూ తెలుసు కనుక, ప్రతి దృశ్యంలోనూ వెలుతురు ఏ పక్కనుంచి వస్తోందో అదొక్కటే గమనించండి. పది పాఠాల పెట్టు.

సాయంత్రం రాజమండ్రి గట్టు మీద, వెనకాల వంతెన, సూర్యాస్తమయం పెట్టి తీస్తే మనిషి నల్లటి బొమ్మలా వస్తాడు. ఫోను ఆకాశపు వెలుగుని చూసి, దానికి తగ్గట్టు మొత్తం బొమ్మని చీకటి చేస్తుంది. తెర మీద మొహం ఉన్నచోట వేలు పెడితే వెలుతురు లెక్క మొహానికి సరిపోతుంది. వేలు కాసేపు అలాగే నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఆ లెక్క కదలకుండా బిగుసుకుంటుంది.

ఇక కుదిక. ఫోను సెట్టింగులలో గ్రిడ్ అని ఉంటుంది. అది పెడితే నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు కనిపిస్తాయి. ముగ్గుకి చుక్కలెలాగో ఫొటోకి ఈ గీతలు అలాగ. గీతలు కలిసే నాలుగు చోట్లలో ఏదో ఒకదాని మీద మొహం పడితే బొమ్మ నిండుగా ఉంటుంది. నీటి అంచు అడ్డగీతకి సమంగా ఉండేట్టు చూడండి. లేకపోతే గోదావరి ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు కనిపిస్తుంది.

మరో మాట. ఏ ఇంటి ఆల్బం చూసినా అమ్మ ఉండదు. ఉంటే వంటింటి గుమ్మంలో సగం, లేదా భోజనాల వరసలో వడ్డించే చెయ్యి. తీసేదీ తనే, వండేదీ తనే అయితే బొమ్మలోకి ఎప్పుడొస్తుంది? ప్రతి ఫోనులోనూ టైమరు ఉంది. పది సెకన్లు పెట్టి, చిన్న స్టాండు గాని, నాలుగు పుస్తకాలు గాని ఆధారంగా నిలబెట్టి, కొంగు సర్దుకుని మీరూ వెళ్ళి నిలబడండి. రేపు మీ మనవలు వెతికేది మీ మొహమే.

ఇప్పుడు వీడియో సంగతి. మీ ఇంట్లో పెద్దావిడకి పూతరేకులు చేయడం వచ్చుననుకుందాం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, మీ అత్తగారి చేతి ఒడుపుకి గుర్తింపు మీరే ఇవ్వాలి. ముందుగా దూరం నుంచి ఒక దృశ్యం: పొయ్యి, బోర్లించిన కుండ, ఎండు కొబ్బరాకుల మంట, ఆవిడ కూర్చున్న తీరు. తరవాత మధ్య దూరం: నీళ్ళలాంటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగే చేతులు. ఆ తరవాత బాగా దగ్గరగా: రేకు కాగితంలా లేచి వచ్చే క్షణం. చివరికి ఆవిడ మొహం. ఒక్కొక్కటి కనీసం పది సెకన్లు కదపకుండా తీయండి. మోచేతులు రెండూ డొక్కలకి ఆనించుకుంటే చెయ్యి వణకదు. దగ్గరగా కావాలంటే జూమ్ చేయకండి, మీరే రెండడుగులు ముందుకు వేయండి. టీవీలో చూసుకోవాలంటే ఫోను అడ్డంగా పట్టుకోవాలి.

బొమ్మకంటే ముఖ్యం మాట. "పిండి ఇంత పలచన ఎందుకత్తయ్యా?" అని అడగండి. ఆవిడ చెప్పే జవాబు, ఆ యాస, మధ్యలో మిమ్మల్ని కసిరే కసురు – వీటి విలువ ఇప్పుడు తెలియదు. తీసే ముందు ఫ్యాను, టీవీ, మిక్సీ కట్టేయండి. కుక్కరు కూతకొచ్చేట్టుంటే దింపేయండి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను తీగకి చిన్న మైకు ఉంటుంది. ఆ తీగని ఫోనుకి కలిపి, మైకుని ఆవిడ మెడ దగ్గర చీర అంచుకి పిన్నుతో పెడితే మాట స్పష్టంగా వస్తుంది. గోదావరి గట్టున అయితే గాలి హోరు మైకులో పడకుండా గాలికి వీపు పెట్టి నిలబడాలి.

ఇలా తీసినవన్నీ కలిపితే అరగంట వస్తుంది. అరగంట ఎవరు చూస్తారు? అందుకే ఎడిటింగ్. మన సినిమా టైటిల్సులో ఎడిటింగ్‌ని 'కూర్పు' అని వేసేవారు గుర్తుందా? ఎంత చక్కటి మాట! కత్తిరించడం అనలేదు, కూర్పు అన్నారు. ఫోన్లో చేసుకోవడానికి ఇన్‌షాట్, కైన్‌మాస్టర్, వీఎన్ లాంటివి ఉన్నాయి. కంప్యూటరు ఉంటే డావిన్సీ రిజాల్వ్ అనేది ఉచితంగా కూడా దొరుకుతుంది. పేరు ఏదైనా పని ఒకటే. ముక్కలన్నీ కింద ఒక పట్టీలా పరుచుకుంటాయి. ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఉన్న వణుకు, తడబాటు కత్తిరించాలి. అవసరం లేని ముక్క తీసేయాలి. మిగిలినవి వరసలో పెట్టాలి.

ఇందులో ఒక కిటుకు చెబుతాను. అత్తగారి మాటని ఒకే ముక్కగా కింద అలాగే ఉంచి, దాని మీద చేతుల బొమ్మా, కుండ బొమ్మా పరవండి. మాట ఆగకుండా వినిపిస్తూ ఉంటుంది, బొమ్మలు మారుతూ ఉంటాయి. వార్తాచిత్రాల్లో చేసేది ఇదే. పువ్వులు రాలడం, గుండెలు ఎగరడం లాంటి హంగులు వద్దు. సినిమా పాట వేసి పెద్దావిడ గొంతుని ముంచేయకండి. మూడు నిమిషాలకి మించకుండా కూర్చి, మొదట్లో ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తెలుగులో రాయండి. ఫొటోలకీ ఇదే సూత్రం. పెళ్ళికి తీసిన ఎనిమిది వందల్లో నలభై ఏరండి. పేర్లు లేని ఫొటో ఒక తరం దాటితే చుట్టాలదో, పరాయివాళ్ళదో తెలియదు.

పాత క్యాసెట్లు ఉన్నవారు ఇక ఆలస్యం చేయకండి. వాటిని ఆడించే వీసీఆర్ యంత్రాల తయారీ 2016తో ప్రపంచంలోనే ఆగిపోయింది. ఉన్నవి పాడైతే క్యాసెట్టు బాగున్నా చూసే దారి ఉండదు. ఊళ్ళో పాత స్టూడియోలవారిని అడిగి కంప్యూటరులోకి ఎక్కించుకోండి. బూజు పట్టిన దాన్ని శుభ్రం చేయించకుండా ఆడించవద్దు, రిబ్బను తెగుతుంది, యంత్రమూ చెడుతుంది. ఫొటోలు జిగురు పేజీల ఆల్బంలో ఉంటే, వాటిని పీకబోయే ముందు పేజీతో సహా ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. అంటుకున్నవాటిని బలవంతంగా లాగకండి.

ఇక దాచడం. గోదావరి ఒడ్డున ఉండేవాళ్ళకి ఈ మాట ఎందుకు చెప్పాలో తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ రెండుసార్లూ మన లంకల్లో ఇళ్ళు మునిగాయి. అటకెక్కిన బియ్యం మళ్ళీ కొనుక్కోవచ్చు, తడిసిన తాతగారి ఫొటో ఏ కొట్లోనూ దొరకదు. ఒకవేళ ఫొటోలు తడిస్తే ఒకదానికొకటి అంటుకుని ఎండిపోకముందే మెల్లగా విడదీసి, మంచినీళ్ళలో ముంచి బురద పోగొట్టి, బొమ్మ పైకి వచ్చేట్టు నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. గాజుకి అంటుకున్నవాటిని ఊడదీయవద్దు.

ఆ పరిస్థితి రాకుండా ఏ బొమ్మకైనా మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఫోన్లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో – హైదరాబాదులో ఉన్న అమ్మాయి దగ్గరో, ఇంటర్నెట్ ఖాతాలోనో. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేనన్ని ఉచితంగా దాచుకునే సదుపాయం 2021 జూన్ 1తో పోయింది. ఉచితంగా ఉన్నది అన్నిటికీ కలిపి 15 జీబీ. అందుకే ఏరడం అవసరమైంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. అన్నిటికంటే మంచి ఇరవై బొమ్మలు ఏటేటా కాగితం మీద వేయించి, వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాసి, జిగురు లేని ఆల్బంలో పెట్టండి. కాగితానికి ఛార్జింగూ అక్కరలేదు, పాస్‌వర్డూ అక్కరలేదు.

ఒక్క హెచ్చరిక. రేవులో స్నానం చేస్తున్న ఆడవాళ్ళు మన బొమ్మ వెనకాల పడతారు. వారు మన అక్కచెల్లెళ్ళే. అలాంటి ముక్క కూర్పులో తీసేయండి, పదిమందికీ పంపకండి. పక్కవాళ్ళ పిల్లల ఫొటో పెట్టాలంటే వాళ్ళమ్మని ఒక మాట అడగండి.

పన్నెండేళ్ళ లెక్కన 2015 తరవాతి పుష్కరాలు 2027లో. ఆ తరవాతవి 2039లో. ఆ రోజున ఇంట్లో పిల్లలు కూర్చుని, మీ అత్తగారి గొంతు విని, మీ మొహం చూసి, "ఈవిడ ఎవరు?" అని అడగకుండా పేరు పెట్టి పిలవాలంటే ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఎక్కువ వద్దు. ఫోను తెరిచి పది ఫొటోలు ఏరండి, పేర్లు రాయండి, ఒక కాపీ వేరే ఊరు పంపండి.

సెలవు.